నడుచుకుంట వచ్చిన మనిషి

ఆపరేషన్ తర్వాత రోగి చనిపోయి, ఆసుపత్రి ముందు బంధువులు టెంటు వేసుకుని కూర్చున్నప్పుడు మన ఊళ్లలో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "మంచిగ నడుచుకుంట వచ్చిన మనిషి." సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా ఈ మాట మారదు. చిన్న ఆపరేషనే అన్నారు, హెర్నియాకో పిత్తాశయంలో రాళ్లకో చేశారు, మూడో రోజు ఇంటికి పంపారు. పదో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, మాట తడబడింది, పెద్ద దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. లోపల డాక్టర్ చెప్పేది ఇంకొకటి: ఆపరేషన్ బాగానే జరిగింది, లివర్ ఫెయిలైంది. బయట కూర్చున్నవాళ్లకు అది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. లోపలివాళ్లకేమో బయటి నింద అన్యాయమనిపిస్తుంది. అన్ని మరణాల సంగతీ చెప్పలేం. రోగికి సిర్రోసిస్ ఉన్నచోట మాత్రం ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. మనిషి నడుచుకుంటూనే వచ్చాడు, కత్తి పనీ శుభ్రంగానే జరిగింది. ఇద్దరి లెక్కలోకీ రాకుండా పోయింది లివర్ ఒక్కటే.

సిర్రోసిస్ ఉన్నవాళ్ల విషయంలో "ఆపరేషన్ చిన్నదా, పెద్దదా" అని అడగడం మనకు అలవాటు. దానికంటే ముందు అడగాల్సింది "లివర్ ఎంత మిగిలింది" అని. ఆ జవాబు కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఈ మూడు పట్టణాల్లో ఏ ల్యాబులోనైనా దొరికే రక్త పరీక్షలు, ఒక పొట్ట స్కానింగ్ చాలు. జవాబు తెలిసినంత మాత్రాన ఆపరేషన్ మానుకోవాలనీ కాదు. ఎప్పుడు చేయించుకోవాలి, ఎక్కడ చేయించుకోవాలి, అసలు అవసరమా అన్నది తేల్చుకోవడానికి ఆ జవాబు కావాలి. ఇది తేలకుండా పెట్టిన ముహూర్తం ఎంత మంచిదైనా గుడ్డి ముహూర్తమే.

గాయం మానినచోట మచ్చ కట్టినట్టే, ఏళ్ల తరబడి దెబ్బతింటూ వచ్చిన లివర్ మచ్చలు కట్టి, గరుకుబారి, గడ్డలు గడ్డలుగా గట్టిపడుతుంది. దాన్నే సిర్రోసిస్ అంటారు. చిక్కేమిటంటే లివర్‌కు ఓర్పు ఎక్కువ. చాలా భాగం పాడైనా మిగిలినదానితోనే సంసారం నెట్టుకొస్తుంది. అందుకే ఈ దశలో ఉన్న మనిషి పొలానికి పోతాడు, రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు, పెళ్లిళ్లకు తిరుగుతాడు. కామెర్లు లేవు కాబట్టి లివర్ బాగున్నట్టే అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఇటువంటివాళ్లు మన దగ్గర తక్కువేమీ ఉండరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతారు, పల్లెల్లోనైతే దాదాపు సగం మంది. ఈ లెక్కలో రాష్ట్రాలన్నిటిలోకీ అరుణాచల్ ప్రదేశ్ తర్వాతి స్థానం మనదే. తాగని ఇళ్లలోనూ షుగరు, ఊబకాయం తెచ్చే కొవ్వు లివర్ ఉంది. హెపటైటిస్-బి ఉంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారైన తొలి హెపటైటిస్-బి టీకాను 1997లో తెచ్చింది. అంటే ఇవాళ నలభై, యాభై ఏళ్ల వయసున్నవాళ్లు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఆ టీకా మనకు అందుబాటులోనే లేదు.

దాగి ఉన్న సిర్రోసిస్‌ను పట్టిచ్చే అంకె చాలాసార్లు రోగి జేబులోని సీబీపీ (రక్తకణాల పరీక్ష) కాగితం మీదే ఉంటుంది. అది ప్లేట్‌లెట్ల లెక్క. ప్లేట్‌లెట్లు అనగానే మనకు డెంగీ, బొప్పాయి ఆకు రసం గుర్తొస్తాయి. జ్వరమేమీ లేని మనిషికి లెక్క ఎప్పుడు చూసినా లక్షన్నరకు దిగువనే ఉంటే మాత్రం ఆలోచన లివర్ వైపు మళ్లాలి. గట్టిపడిన లివర్ గుండా రక్తం సాఫీగా పోలేక వెనక్కి ఒత్తిడి పెరుగుతుంది, ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుకుంటుంది. దీనికి ఫిబ్-4 అని ఒక సులువైన లెక్క ఉంది. ప్లేట్‌లెట్లతో పాటు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే రెండు లివర్ పరీక్షల అంకెలు ఉంటే చాలు. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, వచ్చినదాన్ని ప్లేట్‌లెట్లు (వేలల్లో), ఎస్‌జీపీటీ వర్గమూలం రెండింటి లబ్ధంతో భాగించాలి. 55 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 80, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 90 వేలు ఉన్నాయనుకుందాం. పైన 4400, కింద 630, ఫలితం దాదాపు 7. 1.3 లోపు ఉంటే భయం తక్కువ, 2.67 దాటితే లివర్ గట్టిపడి ఉండొచ్చని అనుమానించాలి. ఇక 7 వచ్చిన మనిషికి హెర్నియా ఆపరేషన్ తేదీ రాసే ముందు కలం ఆగాలి. రోగనిర్ధారణ ఈ ఒక్క లెక్కతో తేలదు, స్కానింగో, లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కానో కావాలి. కానీ "ఇక్కడ ఏదో ఉంది, చూడండి" అని చెయ్యి చూపించడానికి సెల్‌ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ సరిపోతుంది.

ఎక్కడో బొడ్డు దగ్గర కోస్తే లివర్‌కు ఏమవుతుంది అన్న అనుమానం సహజమే. గుండె పంపే రక్తంలో దాదాపు పావు వంతు లివర్‌కు పోతుంది. అందులో ఎక్కువ భాగం పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వచ్చేది, మిగతాది ధమని రక్తం. సిర్రోసిస్‌లో పోర్టల్ దారి సగం మూసుకుపోయి ఉంటుంది కాబట్టి లివర్ ధమని మీద ఆధారపడి బతుకుతుంటుంది. మత్తు ఇవ్వగానే బీపీ కాస్త తగ్గుతుంది, ఆ ధమని రక్తమూ తగ్గుతుంది. ఆరోగ్యవంతుడి లివర్ దాన్ని లెక్కచేయదు. అంచున నిలబడ్డ లివర్‌కు ఆ గంటసేపటి కరువే చాలు. దాని మీద రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, నొప్పి మందులు, ఉపవాసం ఒక్కొక్కటీ వచ్చి పడతాయి. లివర్ ఒక్కటే కూలదు, కిడ్నీలను కూడా వెంట లాక్కుపోతుంది. ఇదంతా ఆపరేషన్ బల్ల మీద కనిపించదు. వారం, రెండు వారాల తర్వాత ఇంట్లో బయటపడుతుంది. కుట్లు విప్పించుకుని పోయిన మనిషి ఇరవయ్యో రోజున పచ్చబడి వస్తాడు. అందుకే సిర్రోసిస్ రోగుల విషయంలో శస్త్రచికిత్స ఫలితాన్ని 30 రోజులకు ఒకసారి, 90 రోజులకు ఇంకోసారి లెక్కగడతారు. "ఆపరేషన్ సక్సెస్" అని థియేటర్ గుమ్మంలో చెప్పే మాట ఈ రోగం దగ్గర సగం వార్తే.

ఎంత లివర్ మిగిలిందో కొలిచే కొలతబద్దను తయారు చేసినవాళ్లు సర్జన్లే కావడం విశేషం. పోర్టల్ సిర ఒత్తిడి తగ్గించే ఆపరేషన్లకు ఎవరు తట్టుకుంటారో తేల్చడానికి 1964లో చైల్డ్, టర్కాట్ అనే అమెరికన్ సర్జన్లు ఒక వర్గీకరణ చేశారు. 1973లో లండన్‌లో ప్యూ అనే వైద్యుడు, ఆయన సహచరులు దాన్ని సవరించారు. ఇవాళ్టికీ వాడేది అదే. బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే ఐఎన్‌ఆర్, పొట్టలో నీరు, మతి తడబాటు — ఈ ఐదింటికి ఒకటి నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు. పరీక్షల్లోలా ఎక్కువ మార్కులు వస్తే సంతోషించే వ్యవహారం కాదిది, ఎంత తక్కువైతే అంత మంచిది. మొత్తం 5, 6 అయితే ఎ తరగతి, 7 నుంచి 9 దాకా బి, 10 ఆ పైన సి. ఒక ఊహారోగిని తీసుకుందాం: బిలిరుబిన్ 2.4 కాబట్టి రెండు, అల్బుమిన్ 3.0 కాబట్టి రెండు, ఐఎన్‌ఆర్ 1.5 కాబట్టి ఒకటి, పొట్టలో కొద్దిగా నీరుంది కాబట్టి రెండు, మతి నిలకడగా ఉంది కాబట్టి ఒకటి. మొత్తం 8, బి తరగతి. ఇతను మద్యం పూర్తిగా మానేసి, ఉప్పు తగ్గించి, నీరు పోయే మాత్రలు వాడి, సరిగ్గా తిని మూడు నెలల తర్వాత వచ్చాడనుకోండి. బిలిరుబిన్ 1.6, అల్బుమిన్ 3.2, ఐఎన్‌ఆర్ 1.4, పొట్టలో నీరు లేదు. ఇప్పుడు మొత్తం 6, ఎ తరగతి. మనిషీ అతనే, హెర్నియా కూడా అదే, మధ్యలో గడిచింది మూడు నెలలు. అందరికీ ఇంత చక్కగా కుదురుతుందని కాదు, కానీ మద్యం వల్ల దెబ్బతిన్న లివర్ మద్యం ఆపితే ఎంతో కొంత కోలుకోవడం వైద్యులు రోజూ చూసేదే.

ఆ రెండు మార్కుల తేడా ఎంత ఖరీదైనదో పాత లెక్కలు చెబుతాయి. 1984లోనూ, 1997లోనూ అమెరికాలో వచ్చిన రెండు పరిశీలనల్లో కడుపు ఆపరేషన్ చేయించుకున్న సిర్రోసిస్ రోగుల్లో ఎ తరగతివాళ్లు నూటికి 10 మంది, బి తరగతివాళ్లు సుమారు 30 మంది చనిపోయారు. సి తరగతిలో ఒక పరిశీలనలో 76 మంది, రెండోదానిలో 82 మంది. 2007లో మేయో క్లినిక్ వైద్యులు 772 మంది రోగులను చూసి, మెల్డ్ అనే ఇంకో కొలతతో ఇదే సంగతి తేల్చారు. మెల్డ్ లెక్క 8 కంటే తక్కువ ఉన్నవాళ్లలో నెల లోపు మరణాలు 5.7 శాతం, 20 దాటినవాళ్లలో సగం కంటే ఎక్కువ. దీనిమీద ఒక అభ్యంతరం వస్తుంది: ఇవి పాత లెక్కలు, అప్పుడు ల్యాపరోస్కోపీ ఇంతగా లేదు, ఐసీయూలు ఇంత బాగా లేవు, ఇవాళ ఫలితాలు మెరుగయ్యాయి కదా అని. మెరుగైన మాట నిజమే. కొత్త పరిశీలనల్లో మరణాలు తగ్గాయి, ఎ తరగతి రోగులకు ల్యాపరోస్కోపీతో పిత్తాశయం తీయడం ఇప్పుడు మామూలైంది. అయితే మెట్లు ఎత్తు తగ్గాయి గానీ మెట్లు పోలేదు. ఎ కంటే బి, బి కంటే సి ప్రమాదమన్న వరస చెక్కుచెదరలేదు. పైగా ఆ లెక్కలు వచ్చినవి రక్తనిధి, ఐసీయూ, లివర్ నిపుణులు అందరూ ఒకే కప్పు కింద ఉన్న పెద్ద ఆసుపత్రుల నుంచి. ఒకే మత్తు డాక్టర్ పొద్దున ఒక ఆసుపత్రిలో, మధ్యాహ్నం ఇంకో ఆసుపత్రిలో పనిచేసే చిన్న పట్టణానికి వాటిని వర్తింపజేసేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త పడాలే తప్ప ధీమా పడకూడదు. ఆపరేషన్ రకానికి విలువ లేదని కూడా అనడం లేదు. చర్మం కింది కొవ్వు గడ్డ తీయడం, పేగు కోసి అతకడం ఒకటి కావు. కానీ సి తరగతి మనిషికి జరిగే "చిన్న" ఆపరేషన్ ఆరోగ్యవంతుడి పెద్ద ఆపరేషన్ కంటే ప్రమాదం కావచ్చు. మన మాటల్లో ఈ తేడా ఎక్కడా వినిపించదు.

మరైతే సిర్రోసిస్ ఉన్నవాళ్లను కత్తి దగ్గరికే రానివ్వకూడదా? కొందరు వైద్యులు ఆ దారే పట్టారు, "లివర్ బాగోలేదు, ఆపరేషన్ వద్దు" అని పంపేస్తారు. అది కూడా తప్పే. బొడ్డు హెర్నియా సంగతి చూడండి. పొట్టలో నీరు చేరిన సిర్రోసిస్ రోగుల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. లోపలి నీరు తోస్తుంటే బొడ్డు బయటికి పొంగి, మీది చర్మం ఉల్లిపొరలా పలచబడి నిగనిగలాడుతుంది. ఏదో ఒక రోజు దగ్గుకో, బరువు ఎత్తినందుకో ఆ చర్మం చిట్లి, లీటర్ల కొద్దీ నీరు పంచె తడిసేలా కారిపోతుంది. 1961లో దీన్ని వర్ణించిన వైద్యుడి పేరు మీద ఫ్లడ్ సిండ్రోమ్ అంటారు (వరద అన్న అర్థంలో పెట్టారేమో అనిపిస్తుంది గానీ, ఆయన ఇంటిపేరే ఫ్లడ్). చిట్లినా, పేగు ఇరుక్కుని నల్లబడినా అర్ధరాత్రి ఆపరేషన్ చేయక తప్పదు. అప్పుడు లివర్‌ను సిద్ధం చేసే వ్యవధి ఉండదు. కాబట్టి సిర్రోసిస్ రోగి హెర్నియాను పట్టించుకోకుండా వదిలేయడమంటే ఆపరేషన్‌ను తప్పించడం కాదు, దాన్ని అతి చెడ్డ రోజుకు వాయిదా వేయడం. సరైన పద్ధతి ముందు నీరు తగ్గించడం: ఉప్పు కట్టడి, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు, అవసరమైతే సూదితో నీరు తీసి అల్బుమిన్ ఎక్కించడం. పొట్ట మెత్తబడ్డాక, పగటిపూట, అన్నీ సిద్ధంగా ఉన్నప్పుడు కుట్టడం. నీరు నిండిన పొట్ట మీద కుట్లు వేస్తే కుట్ల సందుల్లోంచి నీరు ఊరుతుంది, పుండు మానదు, చీము పడుతుంది, హెర్నియా మళ్లీ వస్తుంది. లివర్ మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవాళ్లకైతే మార్పిడి సమయంలోనే హెర్నియానూ సరిచేయవచ్చు.

అసలు అవసరమే లేని ఆపరేషన్లూ ఉన్నాయి. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో పిత్తాశయ రాళ్లు మామూలు జనం కంటే ఎక్కువ, వాటిలో చాలావరకు ఏ ఇబ్బందీ పెట్టవు. పొట్టలో బరువుగా ఉందని స్కానింగ్‌కు పోతే రాళ్లున్నాయని, పిత్తాశయం గోడ మందంగా ఉందని రిపోర్టు వస్తుంది. గోడ మందమంటే వాపు, వాపంటే ఆపరేషన్ అని గొలుసు సాగిపోతుంది. కానీ అల్బుమిన్ తగ్గి, పోర్టల్ ఒత్తిడి పెరిగిన మనిషికి పిత్తాశయం గోడలో నీరు చేరి దానంతటదే మందంగా కనిపిస్తుంది. అది రాళ్ల పని కాకపోవచ్చు. జ్వరం, కుడి డొక్కలో పట్టినట్టు నొప్పి, వాంతులు లేకుండా ఒక్క స్కానింగ్ మాట మీద పిత్తాశయం తీయించుకోవడం అనవసరంగా నిప్పుతో ఆడటమే. మొలల సంగతి ఇంకా ఘోరం. లివర్ ఒత్తిడి వల్ల మలద్వారం దగ్గర సిరలు ఉబ్బి మొలల్లాగే కనిపిస్తాయి, రక్తం కూడా పడుతుంది. వాటిని మొలలనుకుని రోడ్డు పక్క బోర్డు చూసి లోపలికి పోయి దారం కట్టించుకున్నా, ఇంజక్షన్ వేయించుకున్నా, రక్తం ఆగని పరిస్థితి రావచ్చు.

కత్తి కంటే కత్తి చుట్టూ జరిగే చిల్లర పనుల వల్ల దెబ్బతినే లివర్లు తక్కువేమీ కావు. సెలైన్ బాటిల్ సంగతే చూడండి. మామూలు సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. పొట్టలో నీరున్న రోగికి రోజు మొత్తానికి అనుమతించే ఉప్పు సుమారు 5 గ్రాములు. అంటే "నీరసంగ ఉన్నడు, ఒక్క బాటిల్ ఎక్కియ్యండి" అని ఆర్‌ఎంపీ దగ్గర పెట్టించుకునే అర లీటరు సీసాతోనే ఆ రోజు ఉప్పు కోటా దాదాపు అయిపోయింది. ఇంట్లో అతనికి చప్పిడి కూర వండుతున్న భార్య శ్రమంతా ఆ గొట్టంలోంచి కొట్టుకుపోయినట్టే. నొప్పి మందుల దగ్గర మన నమ్మకం పూర్తిగా తలకిందులైంది. పారాసెటమాల్ లివర్‌ను పాడుచేస్తుందని భయపడి మానేస్తారు, డైక్లోఫెనాక్ సూది మాత్రం నిశ్చింతగా వేయించుకుంటారు. సిర్రోసిస్‌లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు కిడ్నీలకు రక్తం తగ్గించి, వాటిని ఒక్కసారిగా మూలన పడేస్తాయి, రక్తస్రావమూ తేవచ్చు. పారాసెటమాల్ రోజుకు 2 గ్రాములు దాటకుండా వైద్యుడు చెప్పినట్టు వాడితే వాటికంటే చాలా నయం. నిద్ర పట్టడం లేదని ఇచ్చే మత్తు సూదులు, మలబద్ధకం కలిస్తే మతి తప్పుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత లాక్టులోజ్ సిరప్‌తో విరేచనం సాఫీగా అయ్యేలా చూడటం ఇక్కడ యాంటీబయాటిక్ అంత ముఖ్యం. ఐఎన్‌ఆర్ కాస్త పెరిగిందనగానే సంచుల కొద్దీ ప్లాస్మా ఎక్కించే అలవాటును కూడా నిపుణులు ఇప్పుడు వద్దంటున్నారు. సిర్రోసిస్‌లో రక్తం గడ్డకట్టించేవీ, గడ్డకట్టకుండా ఆపేవీ రెండూ తగ్గుతాయి కాబట్టి, ఐఎన్‌ఆర్ చూసి రక్తం కారుతుందో లేదో చెప్పలేం. అదనంగా పోసిన ప్లాస్మా మాత్రం పోర్టల్ ఒత్తిడిని పెంచుతుంది.

ఇక తాగుడు దాచడం. "తాగుతావా" అని అడిగితే, "ఎప్పుడో బంద్ చేసిన సార్" అనే జవాబు పక్కనే నిలబడ్డ భార్య మొహం చూస్తే తేలిపోతుంది. ఆమె మాట్లాడదు, మాట్లాడనివ్వరు. ఆపరేషన్‌కు చేరిన మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండో రోజుకో మూడో రోజుకో చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, సెలైన్ గొట్టాలు పీక్కుంటాడు. గాలి సోకిందంటారు కొందరు, మత్తు ఎక్కువిచ్చారంటారు ఇంకొందరు. కల్లు తాగేవాళ్లకు ఇంకో చిక్కుంది. కొన్ని దుకాణాల కల్లులో ఆల్‌ప్రాజోలం లాంటి మత్తు మందులు కలపడం తెలంగాణలో పాత రోగమే. 2020లో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసేసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరింది అందుకే. సిర్రోసిస్ రోగికి ఈ వణుకు వస్తే వైద్యుడు ఇరకాటంలో పడతాడు. వణుకు ఆపే మందులు మతిని ఇంకా మసకబార్చవచ్చు, ఇవ్వకపోతే ఫిట్స్ రావచ్చు. ముందే నిజం చెబితే ఏ మందు ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో తూచి సిద్ధం చేసుకుంటారు. మద్యం వల్ల లివర్ అప్పటికప్పుడు వాచి ఉన్న రోగికైతే, ప్రాణం మీదికి రాని ఏ ఆపరేషనూ అప్పుడు చేయకూడదు.

1964 నాటి తొలి వర్గీకరణలో ఐదో అంశంగా ఉన్నది రోగి తిండి పుష్టి. కొలవడం కష్టమని తర్వాత దాని స్థానంలో రక్తం గడ్డకట్టే పరీక్ష పెట్టారు. కొలతలోంచి తీసేశారు గానీ దాని విలువ తగ్గలేదు. మన ఇళ్లలో లివర్ రోగం అనగానే పథ్యం మొదలవుతుంది: పప్పు వద్దు, గుడ్డు వద్దు, మాంసం మాటే వద్దు, చారన్నం, మజ్జిగన్నం. ఆపరేషన్ అనగానే ఇంకో పథ్యం, పప్పు తింటే చీము పడుతుందట. రెండు పథ్యాలు కలిసి మనిషి కండంతా కరిగించేస్తాయి. ఇవాళ్టి వైద్యం చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటాయి, కాబట్టి పప్పు, పెరుగు, గుడ్డు, చేప అన్నీ కలిస్తే గానీ ఆ లెక్క నిండదు. తగ్గించాల్సింది ఉప్పును, అంటే ఆవకాయను, అప్పడాలను. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. లివర్‌లో నిల్వ లేని మనిషికి ఆ పది గంటల ఖాళీ కడుపు చాలా పెద్ద ఉపవాసం. ఆపరేషన్ వాయిదా పడ్డ మూడు నెలలూ ఊరికే పోవు అనేది ఇందుకే. ఆ మూడు నెలల వైద్యం సగం వంటింట్లోనే జరుగుతుంది.

ఎక్కడ చేయించుకోవాలన్న ప్రశ్నకు "హైదరాబాద్" అన్నది తొందర జవాబు. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న కోదాడవాళ్లకు హైదరాబాద్ కంటే విజయవాడ దగ్గర. మిర్యాలగూడవాళ్లకు నల్గొండ ఉంది. సూర్యాపేట, నల్గొండ రెండు చోట్లా 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఎ తరగతి రోగికి, పోర్టల్ ఒత్తిడి లక్షణాలు లేనివాడికి, ఫిజీషియన్, మత్తు డాక్టర్, రక్తం అందుబాటులో ఉన్నచోట మామూలు హెర్నియా దగ్గర్లోనే చేయించుకోవచ్చు. బి తరగతివాళ్లు ముందు లివర్ నిపుణుడి దగ్గరికి పోయి, ఆ తర్వాతే సర్జన్ దగ్గరికి పోవాలి. సి తరగతివాళ్ల విషయంలో అసలు చర్చ లివర్ మార్పిడి గురించి జరగాలి. పేగు మెలిపడటం, తొడ ఎముక విరగడం లాంటి అత్యవసరాల్లో ఈ తీరిక ఉండదు. అప్పుడు కూడా తరగతి తెలిసి ఉంటే ఇంటివాళ్లు దేనికి సిద్ధపడాలో, సగం దారిలో ఆగాలో నేరుగా పెద్దాసుపత్రికే పోవాలో తేల్చుకోగలుగుతారు. డబ్బు సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలైంది. హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితం. అవయవదానం కోసం జీవన్‌దాన్ జాబితా ఉంది. ముందస్తు రక్త పరీక్షలు దండుగ ఖర్చు అనేవాళ్లు ఒకటి గమనించాలి. ఆపరేషన్‌కు ముందు ఎలాగూ రక్తం తీస్తారు. ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు పరీక్షలు), ఐఎన్‌ఆర్ అందులో కలిపి రాయించుకుంటే పెరిగే బిల్లు ఐసీయూలో ఒక్క పూట ఖర్చుకు కూడా రాదు.

చివరిగా అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని అభ్యంతరం. "మూడు నెలలు ఆగండి" అని చెప్పిన డాక్టర్ దగ్గర రోగి ఆగడు, పక్క వీధిలో రేపే చేస్తానన్న చోటికి పోతాడు. పోతే నష్టం నిజాయితీగా చెప్పినవాడికే. ఇది నిజమే, దీనికి చట్టమో ఉపన్యాసమో మందు కాదు. రోగి బంధువు చేతిలో ఆ తరగతి రాసిన కాగితం ఉంటే మాత్రం ఆట మారుతుంది. పక్క వీధి డాక్టర్ కూడా ఆ కాగితాన్ని చూడాల్సిందే, దానికి జవాబు చెప్పాల్సిందే. తర్వాత ఏదైనా జరిగితే టెంటు కింద కూర్చున్నవాళ్లకు, లోపలున్నవాళ్లకు మాట్లాడుకోవడానికి ఉమ్మడిగా ఒక అంకె ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో తాగుడు అలవాటున్న మనిషికో, ఎప్పుడో కామెర్లు వచ్చి తగ్గిన మనిషికో, చాలా ఏళ్లుగా షుగరున్న మనిషికో ఎవరైనా ఆపరేషన్ తేదీ రాస్తే, బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్‌ఆర్, ప్లేట్‌లెట్లు ఉన్న కాగితాన్ని బల్ల మీద పెట్టి ఒక్క మాట అడగండి: "మా నాయన లివర్ ఏ తరగతి, సార్?" జవాబు వచ్చాకే సంతకం పెట్టండి.